ఠంగన్న పలక, బొద్దన్న మాట

మార్కాపురం,
బుధవారం మధ్యాహ్నం.

చిరంజీవి అన్నపూర్ణకు నాయనమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం, నా మోకాళ్లు తప్ప. అవి చాలాకాలంగా నాతో విడికాపురమే. మీ నాన్న దుకాణంలో ఉన్నాడు. మీ అమ్మ ఆవకాయ జాడీలకు గుడ్డలు కడుతోంది, నేను దొంగతనంగా తింటానని రెండు ముళ్లు వేస్తోంది. ఫోను చేయవచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు మధ్యలో అడ్డొస్తావు. ఇది అడ్డు లేకుండా చదవవలసిన సంగతి. పైగా దీని వెంట ఒక పాత కాగితం రావాలి. కొరియరు వాళ్లను నేను నమ్మను కాబట్టి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. కవరు అంచు చిరిగి ఉంటే వెంటనే చెప్పు.

వచ్చే ఆదివారం మీ సంగీత సంఘంలో మ్యాక్ యాభై ఏళ్ల పాట మీద చర్చ అని రాశావు. తెలుగులో రాక్ పాటకు దారి వేసినవాడు అతనే అని ఒకరు, కాదు, దొంగ అని నువ్వు వాదిస్తారట. ఆ మ్యాక్ కూడా వచ్చి ముందు వరుసలో కూర్చుంటాడట. టిక్కెట్టు పెట్టకుండా టిఫిను పెట్టే సభలంటే నాకు ఎప్పుడూ అనుమానమే. సరే, నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను.

మ్యాక్ మన పలకల కార్ఖానాలో పనిచేసిన మాట నిజమే. అప్పుడతని పేరు మాలకొండయ్య. చంద్రశేఖరపురం వైపు గొర్రెలు కాసుకునేవాళ్ల బిడ్డ. మీ తాత దగ్గర పలకల పెట్టెలకు మేకులు కొట్టేవాడు. డెబ్బై ఒకటిలో మద్రాసు పోయి, జుట్టు పెంచి, పేరు కత్తిరించి మ్యాక్ అయ్యాడు. డెబ్బై ఆరేళ్ల తల అంత నల్లగా ఎలా ఉందో నన్నడగకు. ఆ నలుపును కూడా నేను నమ్మను.

గొంతు ఎలాంటిదన్నావు. మంచి గొంతే. పాటకూ అరుపుకూ మధ్య ఉన్న పిట్టగోడ మీద నడిచేవాడు, సగం సార్లు అరుపు వైపు పడ్డాడు. రెండు వందల పాటల్లో నిలిచేవి నాలుగు. కానీ ఆ నాలుగూ నిలుస్తాయి. ఇంగ్లీషు గిటారు పట్టుకుని మన ఎండను పాడినవాడు అంతకుముందు నాకు తెలిసి లేడు. ఈ మాట నేను ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇక నీ మూడో ప్రశ్న. "నాయనమ్మా, వాడు దొంగ అని చిన్నప్పటి నుంచీ నువ్వే చెప్పావు. రుజువేది?"

నువ్వు పుట్టేసరికి కార్ఖానా మూతపడింది కాబట్టి పలకల పని నీకు తెలియదు. రాతిని పలచగా చీల్చి, నునుపు చేసి, చట్రం బిగించకముందే ఒక మూల పట్టుకుని వేలి కణుపుతో కొడతారు. మంచిదైతే ఠంగుమంటుంది. లోపల కంటికి కనిపించని పగులుంటే బొద్దుమంటుంది. చట్రం బిగించాక ఆ తేడా వినపడదు. పగిలిన పలక కూడా దొరసానిలా ఉంటుంది. మన దగ్గర ఆ పని ఆదెమ్మది. రోజుకు వెయ్యి పలకలు కొట్టేది, కొడుతూ పాడేది:

ఠంగన్నదాన్ని బడికంపు,
బొద్దన్నదాన్ని గుట్టకంపు.

మంచిదాన్ని బడికి పంపు, పగిలినదాన్ని పారేసే గుట్టకు పంపు అని. బడి ముఖం చూడనిది ఆదెమ్మ. మ్యాక్ పేరు మోగించిన పాట ఇదే. అందులో డ్రమ్ము ఆమె వేలి దెబ్బే. నువ్వనుకున్న రుజువు ఇదే కదూ? ఆగు. చట్రం ఇంకా బిగించకు.

రికార్డు రాకముందు, డెబ్బై నాలుగులో, అతను నాకు ఉత్తరం రాశాడు. దీంతో పంపుతున్న కాగితం అదే. "పెద్దమ్మా, ఆదెమ్మక్క పాట పాడబోతున్నా. రికార్డు మీద ఆమె పేరు వేయిస్తా. ఇంటిపేరు, ఒక ఫోటో పంపించు. ఆమెకు చదివి వినిపించు."

నేను వినిపించలేదు. "అది ఎవరిదీ కాదు, కార్ఖానాలో అందరూ పాడేదే" అని జవాబు రాశాను. రికార్డు మీద 'జానపదం' అని అచ్చయింది.

పెళ్లయిన ఆడమనిషి ఫోటో మద్రాసువాడికెందుకు అని అనుమానించాను. ఈ యాభై ఏళ్లూ నాకు నేను చెప్పుకున్నది అదే. అది సగం. ఆమె పేరు మద్రాసులో అచ్చయితే, మర్నాటి నుంచి మన పలకలు ఎవరు కొడతారు? ఆ చెవి లాంటి చెవి ఈ తాలూకాలో లేదు. ఇది మిగతా సగం. నా మీదికి రాకుండా అతన్ని దొంగను చేశాను; ఒక అబద్ధాన్ని ఇంటిల్లిపాదికీ అన్నంలో కలిపి పెట్టాను. ఇప్పుడు నువ్వు దాన్ని సభలో వడ్డించబోతున్నావు.

నిన్న ఆటో కట్టించుకుని ఆదెమ్మ ఇంటికి వెళ్లాను. అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది.

"ఏందక్కా, ఆ మోకాళ్లేసుకొని ఇంత దూరం వచ్చినావు? ఎవరన్నా పోయినారా?"

"ఎవరూ పోలేదు. నీకు రావలసిన ఉత్తరం ఒకటి నా దగ్గరుండిపోయింది."

చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

"ఫోటో గూడా అడిగినాడా! అప్పుడైతే పండ్లన్నీ ఉండె." నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "నాకోసం భయపడినావా అక్కా, నేను పోతానని భయపడినావా?"

"నీకోసమే" అన్నాను.

ఆదెమ్మ అరుగు రాతి మీద వేలి కణుపుతో ఒక దెబ్బ కొట్టి నా ముఖం వైపు చూసింది. "బొద్దనె."

అప్పుడు రెండో సగం చెప్పాను. గింజలు తీస్తూనే అంది:

"పెండ్లిళ్లలో మైకులో ఆ పాట వచ్చినప్పుడల్లా మా ఆయన 'నీ పాటే గదే' అనేటోడు. 'ఊరుకో, ఎవరన్నా ఇంటే నగుతారు' అనేదాన్ని. మనిషి పోయి పదకొండేండ్లు. ఇప్పుడు ఆయనకెట్ల చెప్పేది?"

మజ్జిగ ఇచ్చింది, తాగాను. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. లేచేటప్పుడు మాత్రం, "నీ మనవరాలిని నా పేరు గట్టిగా చెప్పమను. మాలకొండయ్యకు నేను బాగుండానని చెప్పమను. ఆ రెండో చరణం తప్పు పాడినాడు, అదీ చెప్పమను" అంది.

కాబట్టి అమ్మాయీ, ఆదివారం నీ వాదన మార్చుకో. ముందు ఆదెమ్మ పేరు చెప్పు. తర్వాత ఈ కాగితం చదువు. దాచినదెవరని సభలో అడుగుతారు. మా నాయనమ్మ అని చెప్పు. తల దించుకుని కాదు, అందరికీ వినపడేలా చెప్పు. సభ అయ్యాక ఆ ముసలాయనకు ఫోను ఇవ్వు, ఆదెమ్మతో మాట్లాడిస్తాను. ఆదివారం పొద్దుటి నుంచి ఆమె అరుగు మీదే కూర్చుంటాను, మజ్జిగ ఇచ్చినా ఇవ్వకపోయినా.

ఇట్లు,
చట్రం ఊడిన
నీ నాయనమ్మ, శ్రీశైలమ్మ