మన వీధి, ఈ పన్నెండు ఫ్లాట్లు

రాజమండ్రి,
మంగళవారం.

అక్కయ్యకు చెల్లెలు సత్యవతి నమస్కారాలు. నేనూ మీ మరిదీ కులాసా. నువ్వూ, బావగారూ, పిల్లలూ, అమ్మా కూడా కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ళకి నూనె రాసుకుంటోందా, లేక సీసా అయిపోతుందని దాచుకుంటోందా?

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. మీకు ఫోనంటే కిరాణా కొట్టులోదే కదా. నేను ఇక్కడ హలో అనేసరికే కొట్టు ముందున్న పదిమందికీ నీకన్నా ముందు సంగతి తెలిసిపోతుంది. ఇది అలా తెలియాల్సింది కాదు.

నరసాపురం రైసుమిల్లులో మీ మరిదికి గుమస్తా పని బావగారు మాట్లాడి ఉంచారని, పదిహేను రోజుల్లో ఏదో ఒకటి చెప్పమని రాశావు. ఈయన్ని అడిగితే "నీ ఇష్టం" అంటున్నారు. అంటే రేపు ఏం జరిగినా తప్పు నాదన్నమాట. ఇక్కడి మందుల షాపు పని ఆయనకి బాగానే ఉంది. వెళ్ళాలా ఉండాలా అన్నది నా మీదే పడింది. అందుకే ఇక్కడి సంగతి నీకు పూర్తిగా రాస్తున్నాను.

మా బిల్డింగులో పన్నెండు ఫ్లాట్లు. మన వీధిలో ఏ కులం వాళ్ళనైనా పిన్ని, బాబాయి అని పిలుచుకుంటాం. ఇక్కడ మనుషులకి నంబర్లు. పైన బ్యాంకావిడని "మూడొందల రెండు" అంటాడు వాచ్‌మన్. అందరూ తలుపులు వేసుకునే ఉంటారు. మధ్యాహ్నం పూట నేనొక్కదాన్నే కూర్చుని లేసు అల్లుకుంటాను. అక్కడ మన అరుగు మీద పదిమందిమి అల్లుతుంటే రోజుకి ఒక పువ్వు ఎక్కువే పూర్తయ్యేది. ఇక్కడ వేళ్ళు కదలవు. గోదావరికి ఎర్రనీరొచ్చింది, చూడ్డానికి బాగుంది, చూసి ఎవరితో చెప్పను?

అయినా నిజం చెప్పాలి. వచ్చిన కొత్తలో ప్రాణం ఎంత హాయిగా ఉందో! పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మన వీధిలో కాలు బయట పెడితే పాలబ్బాయి దగ్గర్నుంచి అందరూ "ఏమ్మా, ఏమన్నా విశేషమా?" అనేవారే. సీమంతాలకి పిలిచేవారు, పిలిచి వెనక వరసలో కూర్చోబెట్టేవారు. ఇక్కడ నాలుగు నెలల్లో ఒక్కరూ అడగలేదు. కానీ ఆమధ్య జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం మీదుంటే, అన్నం తిన్నావా అని కూడా ఎవరూ అడగలేదు అక్కా.

పోయిన శుక్రవారం పొద్దున్నే ఎదురు ఫ్లాటులో మామ్మగారు పోయారు. రామచంద్రపురం వైపు వాళ్ళు. ఆవిడా, తాతగారూ కొడుకు దగ్గరే ఉండేవారు. శవం లేచేదాకా వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించకూడదు కదా. కడిగిన బియ్యం పక్కన పెట్టేశాను. మధ్యాహ్నం ఈయన ఆకలితో వచ్చారు. "ఇక్కడ ఎవరూ పాటించరే" అన్నారు. నిజమే, పై అంతస్తుల్లోంచి కుక్కర్ విజిల్స్, పోపు వాసన. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయన చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టాను. పాపం, అవే తిని షాపుకి వెళ్ళిపోయారు.

శ్మశానం నుంచి వచ్చి వాళ్ళ స్నానాలయ్యాక పొయ్యి వెలిగించి, అన్నం, చారు చేసి పట్టుకెళ్ళాను. కొడుకు గుమ్మంలోనే "అయ్యో, మీకెందుకండీ శ్రమ! క్యాటరింగుకి చెప్పేశాం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. గిన్నెలు పట్టుకుని వెనక్కి వస్తుంటే మాత్రం, పిలవని పేరంటానికి వెళ్ళినట్టు సిగ్గుతో చచ్చిపోయాను. నరసాపురం బస్సు ఎన్నింటికని ఆ సాయంత్రమే ఈయన్ని అడిగాను.

మర్నాడు పదకొండింటికి ఎవరో తలుపు తట్టారు. తీస్తే తాతగారు.

"నిన్న చారన్నం తెచ్చావంట కదమ్మా. మావాడు తెలీక పంపేశాడు. ఇవాళేమన్నా ఉందా?"

"లోపలికి రండి తాతగారూ."

"మైల కదమ్మా. నేను గడప తొక్కకూడదు."

రెండు గుమ్మాల మధ్య వరండాలో కుర్చీ వేశాను. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. తింటూ తింటూ, "పిల్లలెంతమందమ్మా?" అన్నారు.

"లేరండి" అన్నాను. ఇక ఏ గుడికి వెళ్ళాలో, ఏ డాక్టరు మంచిదో చెబుతారని తల వంచుకుని నిలబడ్డాను.

"సరే. చారు బాగుందమ్మా, ఇంకాస్త పొయ్యి" అన్నారు.

అంతే. ఇంకేమీ అనలేదు. గిన్నెలో ఉన్న చారంతా పోసేశాను. అప్పుడే మెట్లు దిగుతున్న బ్యాంకావిడ ఆగి, పెద్దకర్మ ఎప్పుడని ఆయన్ని అడిగింది. గోడకి ఆనుకుని కాసేపు నిలబడింది. వెళ్ళేముందు నా పేరు అడిగింది, నాలుగు నెలలకి!

అప్పట్నుంచీ రోజూ వస్తున్నారు. కొడుకు మొదట మొహమాటపడ్డాడు, ఇప్పుడేమీ అనడం లేదు. పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోతారు, కొడుకూ కోడలూ ఉద్యోగాలకి పోతారు, ఆయన రోజంతా ఒక్కరే.

బావగారితో చెప్పు, రాలేమని. ఆయన మాట తీసేసినందుకు కోపం రావడం న్యాయమే, ఎదురుగా వచ్చి తిట్లు తింటాను. నాకు రావాలని లేదనుకోకు. సాయంత్రమైతే మీరందరూ అరుగు మీద చేరే వేళని నా ప్రాణం అక్కడికే లాగుతుంది. నిన్న ఈయనకి రానని చెప్పేసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. కానీ అక్కడికొస్తే నేను మళ్ళీ పిల్లల్లేని సత్యవతినే కదక్కా. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. జ్వరమొస్తే జావ కాచి తెచ్చేదీ వాళ్ళే, ఆ జావ తాగుతుండగా ఆ మాట అడిగేదీ వాళ్ళే. నాకు జావ కావాలి, ఆ మాట వద్దు.

ఈ ఉత్తరం అరుగు మీద పైకి చదవకు. ఎవరైనా ఇటొస్తుంటే మాగాయ పంపు. ఇక్కడ కొన్నదానిలో ఉప్పు తప్ప ఏమీ లేదు. అమ్మకీ, మీ అత్తగారికీ నా నమస్కారాలు, వాళ్ళ దీవెనలు నాకుండాలి. పిల్లలకి ముద్దులు. వీలైతే వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్ళు.

వరండాలో సామాన్లు ఉంచకూడదని పొద్దున వాచ్‌మన్ వచ్చి కుర్చీ తియ్యమన్నాడు. తియ్యనని చెప్పాను.

ఇట్లు
నీ చెల్లెలు
సత్యవతి