మిషనుకి కనబడని కాళ్లు

జూలై 6, 2015

విజయనగరం వెళ్లొచ్చాం. డాక్టరు మాట ఇంకా చెవిలోనే ఉంది. "నడవండమ్మా. శ్రావణంలో మళ్లీ పరీక్ష చేస్తాను. చక్కెర ఇలాగే ఉంటే సూది తప్పదు."

రైల్లో మా ఊరు చీపురుపల్లి దాకా మా ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. సూదంటే నాకు భయం. కాన్పుకి కూడా ఇంత భయపడలేదు.

నడవాలట. ఎక్కడ నడవను... మెయిన్ రోడ్డు మీద పోయేవాళ్లలో సగం మంది మా కొట్లో బట్టలు కొన్నవాళ్లే. బట్టల కొట్టావిడ బూట్లేసుకుని చేతులూపుకుంటూ పోతోంది అని నవ్వుకోవడానికా?

జూలై 7

నడవలేదు.

జూలై 9

మా కోడలు శిరీష పుట్టింటి నుంచి వచ్చింది. తమ్ముడు బెంగుళూరులో ఉద్యోగానికి పోతూ వదిలేసిన ఆటల పెట్టె ఒకటి మోసుకొచ్చింది. టీవీ కింద పెట్టి వైర్లు తగిలించింది. దానికో నల్ల బద్ద, ఆ బద్దకి కన్ను. చేత్తో ఏమీ పట్టుకోనక్కర్లేదట. మనం కదిలితే కన్ను చూస్తుంది, టీవీలో బొమ్మ అలాగే కదులుతుంది.

"ఇంట్లోనే నడవొచ్చు అత్తయ్యా. పరిగెత్తొచ్చు కూడా. ఎవరూ సూడరు."

"ఆ కన్ను సూస్తాది కదే," అన్నాను.

నవ్వింది. నా కోడలు నవ్వితే ముచ్చటగా ఉంటుంది. ఈ మాట దానితో ఎప్పుడూ అనలేదు.

జూలై 10

మధ్యాహ్నం. అధికాషాఢం, కింద కొట్లో ఈగలు తోలుకుంటున్నారు. పైన హాల్లో నేనూ శిరీషా, తలుపు గడియ వేసుకుని.

బంతి దొర్లించి, వరసగా నిలబెట్టిన సీసాల్లాంటివి పడగొట్టే ఆట. చెయ్యి వెనక్కి తీసుకెళ్లి ముందుకు విసరాలి. విసిరాను. చేతి కంటే ముందు కొంగు ఎగిరింది. మిషను కొంగునే చెయ్యి అనుకుంది. బంతి వెళ్లి పక్క కాలవలో పడింది.

"కొంగు దోపండి అత్తయ్యా."

దోపాను. రెండోసారి అన్నీ పడ్డాయి. ఎంత సంతోషమేసిందో. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, చప్పట్లు కొట్టుకున్నాను.

జూలై 12

బంతి ఆట చాలదట. చేతులు ఆడితే చక్కెర దిగదు, కాళ్లు ఆడాలి. పరుగు పందెం పెట్టింది శిరీష. ఉన్నచోటే పరిగెత్తాలి, మధ్యలో అడ్డకర్రలు వస్తే దూకాలి.

పరిగెత్తాను. చెమటలు కారుతున్నాయి. టీవీలో నా బొమ్మ గీత దగ్గరే నిలబడి ఉంది, తపాలా డబ్బాలా.

ఏమిటే ఇది అంటే శిరీష దగ్గరికెళ్లి చూసింది. టీవీలో ఓ మూలన చిన్న గడిలో మిషను కంటికి మనం ఎలా కనబడుతున్నామో చూపిస్తుందట. చూశాను. తల ఉంది, చేతులున్నాయి. నడుం కింద ఒక్కటే మొద్దు.

"చీర కదా అత్తయ్యా. రెండు కాళ్లున్నట్టు దానికి తెలీదు."

జూలై 13

ఆట ఆగిపోయినప్పుడల్లా మిషను ఇంగ్లీషులో ఏదో రాసి చూపిస్తుంది. ఏమిటని శిరీషని అడిగాను. "ముందుకి రండి, నాకు కనబడండి అంటన్నాది."

ఎదురుగానే ఉన్నాను కదా తల్లీ.

జూలై 16

బీరువా అంతా దింపాం. బట్టల వ్యాపారంలో ముప్పై అయిదేళ్లు... ఏ చీరకి ఈ మిషను లొంగుతుందో నేను తేల్చలేనా?

వాయిలు: మోకాలు బాగా ఎత్తితే ఒక కాలు కనబడింది. అదీ ఒక్కోసారి. గంజి పెట్టిన నేత చీర: మొద్దు ఇంకా లావయింది. నల్ల చీర: నడుం కింద మనిషే లేదు, గాలిలో తేలుతున్నాను. పొందూరు ఖద్దరు, ఆయన పెళ్లిరోజుకి తెప్పించింది, కట్టుకుంటే నన్ను కుర్చీ అనుకుందో ఏమో, అసలు పట్టించుకోనేలేదు.

చివరికి ఒంటికంటుకుపోయే సిల్కులాంటి మిల్లు చీర కట్టాను. ఊరందరికీ అమ్ముతాను గానీ నా ఒంటి మీద ఎప్పుడూ వేసుకోని గుడ్డ. అందులో రెండు కాళ్లూ కనబడ్డాయి, కాసేపు. నాలుగడుగులు పరిగెత్తాను. అయిదో అడుగుకి మళ్లీ మొద్దు. దాని కంటికి గుడ్డ నాణ్యం తెలిస్తే కదా.

జూలై 17

ఆయన భోజనానికి పైకొచ్చి చీరల గుట్ట చూశారు. "ఏటే, పైనో కొట్టు తెరిసినావేటి?"

నిలబడండి అని కన్ను ముందు నిలబెట్టాను. లుంగీ. ఆయనకీ ఒక్కటే మొద్దు. చాలా తృప్తిగా ఉంది.

జూలై 21

డాబా మీంచి చూస్తే రైలు కట్టకి అవతల నాట్లు వేస్తున్నారు. ఆడవాళ్లంతా చీరలు మోకాళ్ల పైకి తీసి గోచీ పోసుకున్నారు. రెండు కాళ్లూ ఎంత తేటగా ఉన్నాయో.

మధ్యాహ్నం ప్రయత్నించాను. శిరీష వెనక నుంచి దోపింది. దానికీ రాదు, నాకూ రాదు. తరతరాలుగా గద్దె మీద కూర్చుని అమ్ముకునేవాళ్లం, బురదలో దిగితే కదా వచ్చేది. అయినా మిషను చూసింది. పరిగెత్తాను. మొదటి కర్ర దూకాను, రెండోది దూకాను, మూడో దానికి గోచీ ఊడి కాళ్లకి చుట్టుకుంది. దబ్బున కూలబడ్డాను. దెబ్బేమీ తగల్లేదు.

కింద కొట్లో బేరానికొచ్చినవాళ్లు పైకి చూశారట. "పైన పసుపు దంచుతన్నారేటండీ, ఎవరికి పెళ్లి?" అని అడిగారట. "ఆసాడంలో పెళ్లేటమ్మా," అన్నారట ఈయన. మరి ఏమిటో మాత్రం చెప్పలేదు.

జూలై 22

నడుం పట్టేసింది. ఆట లేదు.

శిరీష కాపడం పెడుతూ, నా మొహం చూడకుండా అంది: "పైజమా వేసుకుంటే కనబడతారు అత్తయ్యా."

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. అది మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

జూలై 23

ఆ మాటే తిరుగుతోంది బుర్రలో.

కింద కొట్లో ఒక వరసంతా చుడీదార్లే. అమ్మడం వేరు, ఇంట్లో వేసుకోవడం వేరు... శిరీష కాపురానికొచ్చిన వారానికే అన్నాను ఈ మాట. సరే అత్తయ్యా అని కాలేజీ బట్టలన్నీ ట్రంకు పెట్టెలో సర్దేసింది. మూడేళ్లు. పెట్టె అటక మీదే ఉంది. నాకు ఈ మాట ఆయన అక్క, మా వదిన చెప్పింది, వదినకి మా అత్తగారు. ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు. ఆవిడ కాలానికి చుడీదార్లే లేవు.

జూలై 27

కొట్లోకి దిగాను. పెద్ద సైజులున్న అరలోంచి ఒకటి తీశాను. ముదురు ఆకుపచ్చ, నూలు, మంచి నేత.

"ఎవరికే?"

"శిరీషకి."

ఆయన మడత విప్పి, నడుం దగ్గర రెండు చేతులతో పట్టుకుని సాగదీసి చూశారు. "కోడలు ఎప్పుడింత లావయిందేటి?"

మళ్లీ మడతపెట్టి కవర్లో వేసి చేతికిచ్చారు. ఇంకేమీ అడగలేదు. ఈ మనిషి నాకు అందుకే ఇష్టం. ఇక్కడ రాసుకుంటే ఎవరు చూస్తారు.

జూలై 28

వేసుకున్నాను. గదిలోంచి హాల్లోకి రావడానికే చాలాసేపు పట్టింది. ఏమీ కట్టుకోనట్టుంది. శిరీష చూసింది, నవ్వలేదు, గబగబా టీవీ పెట్టింది.

చిన్న గడిలో తల, చేతులు, నడుం... రెండు కాళ్లు. నా కాళ్లు. కుడిది ఎత్తితే కుడిది, ఎడమది ఎత్తితే ఎడమది. కాస్త ఆలస్యంగా కదులుతుంది, రెప్పపాటు వెనక. అడ్డకర్ర దగ్గరికి రాకముందే ఎగిరితే సరిపోతుంది.

పందెం చివరిదాకా పరిగెత్తాను. అన్ని కర్రలూ దూకాను.

ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు. ఆయాసం అనుకుంది శిరీష, మజ్జిగ తెచ్చింది.

ఆగస్టు 1

రోజూ ఆడుతున్నాను. ఆకలి బాగుంది, నిద్ర బాగుంది. ఇద్దరాడే ఆట కూడా ఉందట. టీవీలో చెరో సగం. శిరీషతో పందెం. గెలిచాను.

ఆగస్టు 2

గెలిచాను.

ఆగస్టు 4

మళ్లీ నేనే. ఇరవై ఆరేళ్ల పిల్లని ఓడించానని మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆయనకి చెప్పుకున్నాను. శిరీష పప్పు వడ్డిస్తోంది. ఆయన దాని చీర వైపు చూసి, "దానికి కాళ్లు రావట్లేదేటే?" అన్నారు.

నేను అన్నం కలుపుతూ ఆగిపోయాను.

అది చీరలో ఆడుతోంది. ఇన్ని రోజులూ చీరలోనే ఆడింది. పక్కన ఎగురుతూనే ఉంది పాపం, దాని బొమ్మ గీత దగ్గరే నిలబడి ఉంది. నా సగం చూసుకుంటూ దాని సగం నేను చూడనేలేదు.

ఆగస్టు 5

మా కొట్లో మీటరు బద్ద ఆనించి కొలుస్తాం. గుడ్డ లాగి కొలిచి మోసం చెయ్యడం మా మామగారి కాలం నుంచీ లేదు. ఇదేం గెలుపు. సిగ్గేసింది.

పొద్దున శిరీష వంటింట్లో ఉంటే వెళ్లి అన్నాను: "అటక మీద పెట్టె దించవే. పందెమైనా సరిగ్గా కొలవాలి."

"ఏ పెట్టె అత్తయ్యా?"

"తెలీనట్టు అడుగుతావేటి. దించు."

దించింది. కలరా ఉండల వాసన. మీద గులాబీ రంగుది ఉంది. తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, చేత్తో రాస్తోంది, అంతసేపూ. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు, వచ్చేశాను.

ఆగస్టు 6

చిత్తుగా ఓడిపోయాను. గాల్లో ఎగురుతుంది దొంగమొహం.

"కాస్త మెల్లగా ఆడొచ్చు గదే పెద్దదాన్ని," అన్నాను.

"మీరే గదా అత్తయ్యా, సరిగ్గా కొలవాలన్నారు."

కోపమొచ్చింది. నవ్వూ వచ్చింది. ఇద్దరం కింద కూర్చుని నవ్వాం. కిందనుంచి ఆయన కర్రతో సీలింగు కొట్టారు. బేరం పోతుందట.

ఆగస్టు 11

ఆటయ్యాక శిరీష బట్టలు మార్చుకోలేదు. అలాగే వంట చేసింది. అలాగే డాబా మీద వడియాలు ఎత్తింది. మెట్లు రెండేసి చొప్పున దిగుతోంది. చూశాను. ఏమీ అనలేదు. అనడానికి నేను మాత్రం దేనిలో ఉన్నాను కనుక.

ఆగస్టు 19

విజయనగరం. డాక్టరు కాగితం రెండుసార్లు చూశాడు. "ఏం చేశారమ్మా?"

"పరిగెత్తాను బాబూ."

సూది లేదు. మాత్రలూ ఒకటి తగ్గించాడు. ఇదే వదలకుండా చెయ్యండి అన్నాడు. వచ్చేటప్పుడు రైల్లో ఆయన పల్లీలు కొన్నారు. దారంతా మాట్లాడుతూనే ఉన్నాం.

ఆగస్టు 24

శ్రీకాకుళం నుంచి వదిన ఫోను. ఆయన అక్కగారు. "వరలక్ష్మీ పూజకి ముందు రోజే వస్తాను సత్తెమ్మా. పది రోజులుంటాను. కోడలు ఎలాగున్నాది, పద్ధతిగా ఉంటన్నాదా?"

ఉంటోంది వదినా అన్నాను.

వదినంటే నాకు భయం ఉంది, గౌరవమూ ఉంది. కొత్తగా వచ్చినప్పుడు నాకు కొట్టు లెక్కలూ ఇంటి లెక్కలూ నేర్పింది ఆవిడే. తిట్టేదీ ఆవిడే. జ్వరమొస్తే రాత్రంతా తల దగ్గర కూర్చున్నదీ ఆవిడే.

ఆగస్టు 26

పది రోజులు ఆట మానేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. చక్కెర ఒక్కసారిగా పెరిగిపోదు. ఆవిడ వెళ్లాక మళ్లీ మొదలెట్టుకోవచ్చు.

నేను మొదలెట్టుకోవచ్చు. కానీ ఆ పెట్టె ఒకసారి అటకెక్కితే శిరీష మళ్లీ దించదు. ఆ పిల్ల సంగతి నాకు తెలుసు. సరే అత్తయ్యా అంటుంది, అంతే. మెట్లు ఒక్కొక్కటే దిగుతుంది.

సాయంత్రం అడిగింది. "పెద్దమ్మ వస్తన్నారు గదా, సర్దేయమంటారా?"

"పూజ సామాన్లన్నీ వచ్చినాయో లేదో సూడు," అన్నాను.

అది అడిగింది అది కాదు.

ఆగస్టు 27

పొద్దున అలవాటు కొద్దీ ఆటకి లేచాను. ఆకుపచ్చది వేసుకున్నాను. శిరీష చీరలో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "నాను ఆడను అత్తయ్యా, పనుంది." ఒక్కదాన్నే పరిగెత్తాను. అస్సలు బాగాలేదు.

రైలు కూత వినిపించింది. ఆయన కింద అంటున్నారు, "అక్క వచ్చేసే యేళయింది." ఆట మధ్యలో ఆపి గదిలోకొచ్చాను. మంచం మీద చీర తీసి పెట్టుకున్నాను. కట్టుకోవడానికి ఎంతసేపు... కళ్లు మూసుకుని కట్టేస్తాను. కట్టుకోకుండా ఈ పుస్తకం తీసి కూర్చున్నాను.

శిరీష వచ్చింది. గులాబీ రంగుది మడతపెట్టి చేతిలో పట్టుకుంది. పెట్టెలో పెట్టడానికి తీసుకెళ్తోంది. నన్ను చూసి ఆగింది. నేనింకా పైజమాలోనే ఉన్నాను కదా.

"పెట్టెలో పెట్టకు. ఆగు," అన్నాను. ఏమిటీ అన్నట్టు చూసింది. ఏమిటో నాకే తెలియదు.

కింద ఆటో ఆగింది. "రా అక్కా, మెల్లగా." వదిన గొంతు, "సత్తెమ్మ ఏదిరా?" హాల్లో టీవీ ఆపలేదు, అది ఇంకా పిలుస్తోంది, ముందుకి రండి, నాకు కనబడండి అని.

శిరీష కదల్లేదు. చీర మంచం మీదే ఉంది.

వదినకి మోకాళ్ల నొప్పులు. మెట్టు మెట్టుకీ ఆగుతుంది. ఇంకా సగం మెట్ల దగ్గరే ఉంది.