తిండికి ముందు ఒకటి

మంగళవారం, హోసూరు

మునెమ్మ ఈ రోజు లేచి కూర్చుంది. నిన్న మధ్యాహ్నం డెంకణికోట వైపు నుంచి ఆటోలో మా ఆసుపత్రికి తెచ్చినప్పుడు ఒళ్లంతా చెమట, పిలిస్తే పలుకు లేదు. షుగర్ బాగా పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కించాక కళ్లు తెరిచింది. షుగర్ మాత్ర దుష్ప్రభావం అని డాక్టర్ గారు కేస్ షీట్‌లో రాశారు.

మాత్రలు ఎక్కువ మింగిందేమోనని సాయంత్రం బీపీ చూస్తూ అడిగాను. నా వైపు వింతగా చూసింది.

"పోయిన వారం మందులిచ్చేటప్పుడు నువ్వే కదమ్మా చెప్పినావు, తిండికి ముందు ఒకటని. తెల్లార్తో గొర్రెల్ని తోలుకొని పోయేటప్పుడే ఏసుకున్నాను."

"మరి తిండి ఎప్పుడు తింటావమ్మా?"

"సంగటి మూట కట్టుకొని పోతాను కదా, పొద్దు నెత్తి మీదికి వచ్చినాక ఆడే తింటాను. నిన్న మూట ఇప్పకముందే పడిపోయినాను."

నేను చెప్పింది చెప్పినట్టే చేసింది. ఎన్ని గంటలకు తింటావని నేనే అడగలేదు. నేను ఎనిమిదింటికి టిఫిన్ తింటాను కాబట్టి ఊరంతా ఎనిమిదింటికే తింటుందనుకున్నాను. ఇన్నేళ్లలో ఈ ముక్క ఇంకెంతమందికి చెప్పానో...

డాక్టర్ గారిని అడిగి వచ్చి, ఇకమీదట మూట విప్పాకే మాత్ర అని చెప్పాను. ఆమె బుద్ధిగా తలూపింది. తర్వాత చిన్న గొంతుతో, "నేనేమన్నా తప్పు చేసినానా అమ్మా?" అంది.

లేదన్నాను. నాదని మాత్రం అనలేకపోయాను.