బొంగరం తాళాల అప్పగింత

సికింద్రాబాద్ మెట్టుగూడలో కాపురముంటూ, రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన, కీర్తిశేషులు పర్వతాలు గారి కుమారుడు, అరవై రెండేళ్ల విజయేందర్ అను నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. సోమవారం నా గుండెకు ఆపరేషన్ ఉంది. బుర్ర మాత్రం బాగానే ఉంది. నా భార్య వసుధ వేరే మాట చెబితే నమ్మకండి.

1. ఇల్లు, ఇంట్లోని సామాను సమస్తమూ నా తదనంతరం వసుధకు చెందవలెను. పదిహేనేళ్లుగా ప్రతి శనివారం బొంగరం పని మీద మా మేడ మీది గదిలో చేరే జనానికి ఉప్మా చేసి పెట్టింది. ఒక్కనాడూ విసుక్కోలేదు. కాదు, రెండుసార్లు విసుక్కుంది. ఆ రెండుసార్లూ తప్పు నాదే.

2. నా పేము కుర్చీ పక్కింటి రోసమ్మ గారికి. ఆవిడ నడుము నొప్పికి అదొక్కటే పడింది.

3. ఇక నా అసలు ఆస్తి, బొంగరం. కంప్యూటర్ ఆటలు తయారు చేసుకోవడానికి నేను రాసిన సాఫ్ట్‌వేర్ అది, మా భాషలో ఇంజిన్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల విప్పి చూడొచ్చు, బాగుచేసి సవరణ పంపొచ్చు. ఆ సవరణ ఇంజిన్‌లో కలవాలంటే మాత్రం నా తాళం, అంటే నా ఒక్కడికే తెలిసిన రహస్య సంకేతం, పడాలి. నేను పోతే తాళం నాతోనే పోతుంది, బొంగరం అక్కడితో ఆగిపోతుంది. ఈ భయంతో ఏడాదిగా నాకు అన్నం సయించలేదు.

తాళం ఇద్దామంటే మనుషులేరీ? తరిమింది నేనే. అల్వాల్ నుంచి వచ్చే కల్పలత, తెర మీద తెలుగు ఒత్తులు చెదిరిపోకుండా ఒక సవరణ పంపింది. ఏడు నెలలు దాన్ని తెరిచి చూడలేదు. ఏమైందని అడిగితే, అందరూ చదివే చోట "తొందరుంటే నీ ఇంజిన్ నువ్వే చేసుకో" అని రాశాను. ఎంత పొగరు! ఆమె మళ్లీ రాలేదు. ఆమె వెనకే ఇంకొందరు రావడం మానేశారు. ముప్పైమందికి చేసే ఉప్మా నలుగురికి చేస్తే సరిపోయింది. పోటీలు పెట్టాను, టీషర్టులు పంచాను. టీషర్టులు తీసుకుని వెళ్లిపోయారు.

4. మా బొంగరం వాళ్లకు ఒక అలవాటుంది. ఏది రాసినా ముందు నెట్‌లో అందరి ఎదుటా పెడతాం, తప్పులు పట్టాక ఖాయం చేస్తాం. ఆ అలవాటు కొద్దీ ఈ వీలునామా చిత్తుప్రతిని కూడా పెట్టేశాను. తాళాలు ఎవరికి అన్న చోట మాత్రం ఖాళీ వదిలాను. వసుధ నెత్తి కొట్టుకుంది: "ఇంటి ముచ్చట ఊరందరికీ సూపెడ్తవా? నీకేమన్న అయిందా ఏందీ?"

ఒక్కరోజులో నలభై ఒక్క సవరణలు వచ్చాయి. మూడేళ్లుగా కనిపించనివాళ్లు కూడా రాశారు. వాటిలో ఒకటి ఇది:

"సార్, రెండో అంశంల రోసమ్మ గారికి కుర్చీ ఇస్తున్నరు. కింద సాక్షిగ సుత ఆమెనే పెట్టిన్రు. వాటా ఉన్నోళ్లు సాక్షి సంతకం పెడితే రేపు ఆ వాటా మీద పేచీ వస్తది. జెర మార్చుండ్రి. ఆపరేషన్ మంచిగైతది, పరేషాన్ గాకుండ్రి. కల్పలత."

నాలుగేళ్ల తర్వాత ఆమె పంపిన సవరణ! పదకొండు నిమిషాల్లో కలిపేశాను. కలిపి ఏడ్చాను. గుండె నొప్పేమోనని వసుధ పరుగెత్తుకొచ్చింది. అయ్యో, నొప్పి కాదమ్మా, అది తగ్గిన సుఖం.

ఆ వెంటనే ఒత్తుల సవరణ కూడా కలిపి, తిట్టిన చోటే క్షమాపణ రాశాను.

5. బొంగరం తాళాలు కల్పలతకు, శనివారాల కూటాన్ని విడవకుండా నడిపిన లక్ష్మణ్‌కు ఉమ్మడిగా చెందవలెను. షరతు ఒక్కటే. కొత్తగా వచ్చినవారి మొదటి సవరణకు రెండు రోజుల్లో, పేరు పెట్టి పిలిచి జవాబివ్వాలి. వద్దని చెప్పినా సరే, మర్యాదగా చెప్పాలి. ఇద్దరికీ తీరిక లేకపోతే మూడోవారికి తాళం ఇవ్వాలి గానీ, నాలా కొంగున కట్టుకుని కూర్చోకూడదు.

6. బొంగరం చచ్చిపోయిందని తొమ్మిదేళ్లుగా ఏటేటా రాస్తున్న కామరాజు గారికి ఏమీ ఇవ్వను. అయితే ఆయన్ను వెళ్లగొట్టకండి. తొమ్మిదేళ్లు విడవకుండా మనల్ని చదివింది ఆయనొక్కడే.

7. ఈ వీలునామాను అమలుపరచే బాధ్యత వసుధది.

చివరగా ఒక మార్పు. ఐదో అంశంలో మొదట రాసిన "నా తదనంతరం" అన్న మాట కొట్టేశాను. ఈ ఉదయం కల్పలత మా మెట్లెక్కి వచ్చింది. తాళాలు ఇద్దరికీ ఇచ్చేశాను, నావి తీసేయించుకున్నాను. వసుధ రవ్వ చాలదని మోండా మార్కెట్‌కు వెళ్లింది. బొంగరంలో ఇప్పుడు నాకు మిగిలింది అందరిలాగే సవరణ పంపే హక్కు. ఆపరేషన్ అయ్యాక ఒకటి పంపుతాను. రెండు రోజుల్లో జవాబు రావాలి.

మెట్టుగూడ, 14 జూన్ 2025, శనివారం
(సంతకం) విజయేందర్

నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసిన సాక్షులు, ఈ వీలునామాలో ఏ వాటా లేనివారు:
1. బిక్షం, కిరాణా వ్యాపారి, మెట్టుగూడ
2. నాంచారమ్మ, టీచరు, అల్వాల్