రైలు తప్పిపోతుందని ఎదురొచ్చాను

ఏమయ్యా,

నువ్వు పోయి ఏడాది దాటింది. ఈలోగా రాజ్యం మారింది. హుకుములిప్పుడు ఢిల్లీ నుంచి వస్తున్నాయి. పట్నం కాలేజీలో చదువు ఇకమీదట ఉర్దూలో కాదట, ఇంగ్లీషులోనట. శంషాబాద్ సంతలోనూ అదే మాట.

నువ్వు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉర్దూ నేర్పిన మన మనుమరాలు సావిత్రి గతేంటని నాకు ఒకటే దిగులు. పరీక్ష తప్పితే? నలుగురూ నవ్వితే? మన కొడుకైతే "ఇగ చాలు, మానెయ్ బిడ్డా" అన్నాడు.

"మా సార్లు గూడ ఉర్దూల చెప్పెటోళ్లే బాపు. ఆళ్లకు లేని పరేషాన్ నీకేంది?" అని నవ్వింది సావిత్రి.

ఈ పొద్దున అది కాలేజీకి బయలుదేరుతుంటే, విధవను కదా, ఎదురు పడకూడదని వంటింట్లో దాక్కున్నాను. కోడలు నీళ్ల చెంబుతో ఎదురు రాబోయింది.

"నువ్వాగమ్మా. నానమ్మ రావాలె."

"నేనొద్దే, చదువు పాడైతది."

"గట్లనా? అయితే గీడనే కూసుంట. రైలు పోనీ."

రైలు తప్పిపోతుందన్న భయం ముందు శకునం భయం ఏ మూలకు? చెంబు లాక్కుని ఎదురొచ్చాను.

సాయంత్రందాకా గుమ్మంలోనే ఉన్నాను. నవ్వుకుంటూ వచ్చింది. రేపు కూడా నన్నే రమ్మంది.