వెనక్కి మళ్లిన కిరణం

అన్నయ్యా,

అచ్చం నాన్న ముక్కే ఉన్న మనిషెవరో ఆసుపత్రిలో నాన్న ఉన్న వార్డు గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగాడని నర్సు చెప్పింది. ఇంకెవరు, నువ్వే. నిన్ను కడిగిపారేద్దామనే ఈ కాగితం తీశాను.

కానీ ఇవాళ ల్యాబులో గ్రాఫైటు ముక్క మీదికి ఎక్స్-రేలు పంపి, చెదిరినవాటి తరంగదైర్ఘ్యం కొలిచాను. తిన్నగా దూసుకుపోయిన కిరణంలో మార్పేమీ లేదు. పక్కకు మళ్లేకొద్దీ తరంగం సాగింది, శక్తి తగ్గింది. అన్నిటికంటే ఎక్కువ పోగొట్టుకున్నది వెనక్కి తిరిగిన కిరణమే. ఆ అంకె వేస్తుంటే నువ్వు గుర్తొచ్చావు. తిట్లు నోట్లోనే ఆగిపోయాయి.

నువ్వు వచ్చి వెళ్లావని నాన్నకు చెప్పేశాను. మీ ఇద్దరి పాత గొడవ ఊసే నాన్న ఎత్తలేదు. "చిక్కిపోయాడా వాడు?" అని మాత్రం అడిగాడు.

నేనేం చెప్పను? నేను చూస్తేగా! నువ్వే వచ్చి కనపడు.

చెల్లి