మీసం దువ్విన చెయ్యి

శుక్రవారం, రాత్రి

నవ్వు ఆగడం లేదు. విరిగిన చేతికి వేసిన పిండికట్టు విప్పినప్పటినుంచి ఆయన కుడి మోచెయ్యి మడత పడలేదు, పూర్తిగా చాపడానికీ రాలేదు. చాలా రోజులు కదలకుండా ఉంటే కండ సన్నబడి బిగుసుకుపోతుందని ధర్మపురిలో ఫిజియో డాక్టరమ్మ చెప్పింది. వేడినీళ్ల కాపడం పెట్టి, మెల్లగా మడిచి చాపమంది. బలవంతంగా లాగవద్దంది. అందుకే ఇన్నాళ్లూ అత్త ఎదురుగానే, తల వంచుకుని, నేనే అన్నం తినిపిస్తున్నాను.

ఈ రాత్రి కూడా రాగిసంగటి తుంచి పట్టుకుంటే ఆయన నోరు తెరిచారు. అత్త ఊరుకోలేదు.

“ఏమిరా, మధ్యానం అద్దం ముందర ఆ చేత్తోనే మీసం దువ్వుకుంటా ఉంటివే! సంగటికి మాత్రం చెయ్యి రాదా?”

చెయ్యి నోటిదాకా వచ్చేసిందా! నా చేతిలో ముద్ద పళ్లెంలోకి జారిపోయింది. ఆయన దొరికిపోయిన దొంగలా నవ్వి, ఆ ముద్దే తీసి నావైపు చెయ్యి చాపారు.

“తినవే. మడిచేది వచ్చింది, చాపేది ఇంకా రాలేదు. డాక్టరమ్మ చెప్పిన పనే ఇది.”

చెయ్యి నా నోటికి జానెడు దూరంలో ఆగిపోయింది. కండ వణుకుతోంది. పూర్తిగా చాపలేకపోతే మామిడికాయల కోతకు ఎలా పోతారో...

లాగవద్దంది కదా డాక్టరమ్మ. అందుకని నేనే ముందుకు వంగి తిన్నాను. అత్త ఎదురుగానే.